తాళంచెవితో పాటు

హైమవతీ,
పేరులోనే మంచుకొండ ఉందని ధీమా పడకు.
ఆ కొండ మీది వాళ్ళెవరూ పార పట్టినట్టు వినలేదు.

ఇదిగో తాళంచెవి.
వేసవి దాకా ఇల్లు నీది, కారూ నీదే.
గుర్తొచ్చినట్టు చెప్పుకుపోతాను, వరస నువ్వు పెట్టుకో.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో
డులూత్‌లో నూలు మేజోళ్ళు చూపిస్తాయి.
ఉన్నివి కొను. రెండు జతలే అయినా మంచివి.
బూటు ఒక సైజు పెద్దది తీసుకో.
వేళ్ళు కదిలే చోటుంటేనే
వెచ్చదనం అద్దెకి దిగుతుంది.

సున్నాకి ఇరవై కిందికి పోయిన రాత్రి
వంటింటి కొళాయి సన్నటి ధారగా వదిలెయ్,
సింకు కింద తలుపులు తెరిచిపెట్టు.
నీళ్ళు వృథా అని మనసు పీకుతుంది, పీకనీ.
మొదటి ఏడు నేను పొదుపు చేశాను.
పగిలిన గొట్టం బిల్లు ఇంకా ఆ సొరుగులోనే ఉంది.

పెరుగు బల్ల మీద తోడుకోదు.
ఓవెన్ వెలిగించకు, లోపలి దీపం మాత్రం వేసి
గిన్నె పెట్టి మూసెయ్.
తెల్లారేసరికి ఆ చిన్న బల్బు
కోడిపెట్టలా పొదిగి ఉంటుంది.

ఇది కొండ మీంచి సరస్సులోకి జారే ఊరు.
కారు ఆపితే చక్రాలు గట్టువైపు తిప్పు.
నడకలో గొప్పకు పోకు.
జేబుల్లోంచి చేతులు తీసి
బాతులా అడుగు వెయ్యి.
నవ్వేవాళ్ళుండరు, ఇక్కడందరూ బాతులే.

పార తలుపు వెనక ఉంది. పిడికి టేపు చుట్టాను.
ఎత్తకు, తొయ్యి.
పడుతుండగా ఒకసారి, ఆగాక ఒకసారి.
రేపు చూద్దామనుకుంటే
దూదిలా దిగింది సిమెంటై కూర్చుంటుంది.
ముందు కింది వాటా ఐలీ గారి మెట్లు, తర్వాత మనవి.
ఎనభై ఏడేళ్ళావిడ. థాంక్స్ చెప్పదు.
కిటికీ తెర వేలెడు పక్కకి జరుగుతుంది, అంతే.
మర్నాడు మెట్టు మీద కాగితం సంచిలో రొట్టె.
ఆ ఫిన్లాండ్ రొట్టెలో
మన పాయసం ఏలకుల వాసన ఎలా వచ్చిందో
నాలుగేళ్ళలో నేను అడగలేదు. నువ్వు అడుగు.

ఇది మాత్రం రాసి పెట్టుకో.
కారు మంచులో కూరుకుపోతే
ఇంజను వెయ్యకముందే
వెనక పొగగొట్టం చేత్తో తవ్వి తెరువు.
ఓసారి రాత్రి డ్యూటీ దిగి
టూ హార్బర్స్ నుంచి వస్తూ పక్కకి జారాను.
హీటరు పెట్టుకుని కూచున్నాను.
బయటికి దారిలేని పొగ
నా దగ్గరికే వస్తోందని తెలీదు.
ఎంత హాయిగా నిద్రొచ్చిందో!
మంచు తోసే బండివాడు అద్దం గుద్దుతూనే ఉన్నాడు.
విసుక్కున్నాను కూడా.
అతని పేరు తెలీదు. నారింజ రంగు కోటు,
గడ్డంలో గడ్డకట్టిన ఊపిరి.
అప్పట్నుంచీ మంచుబండి కనపడితే చెయ్యెత్తుతాను.
లోపల ఎవరున్నా సరే.

డిక్కీలో దుప్పటి, టార్చి, ఇసుక మూట,
వేయించిన శనగలు ఉన్నాయి.
శనగలు పాతవి, మార్చు.

డిసెంబరులో నాలుగున్నరకే చీకటి. విటమిన్ మాత్ర మానకు.
ఏడుపొస్తే వీధిలో ఏడవకు, రెప్పలంటుకుంటాయి.
మెట్లెక్కి, బూట్లు విప్పి, అప్పుడు.

అర్ధరాత్రి ఒక పెద్ద మూలుగు వినిపిస్తుంది.
ఇల్లు కూలుతోందని
నేను దుప్పటితో కిందికి పరిగెత్తాను.
సరస్సు మంచు సర్దుకుంటోందంతే,
మనలాగే, పడుకునేముందు.

ఎర్ర చేతితొడుగులు మంచం కింది పెట్టెలో ఉన్నాయి.
ఎడమది బొటనవేలి దగ్గర చిరిగింది.
సూదిలోకి దారం ఎక్కించే ఉంచాను.